చెప్పులు కొనే ముందు పాదాలు చూసుకోండి: ఎవరికి ఏవి నప్పుతాయి

"ఏ చెప్పులు వేసుకుంటే మంచిదండీ?" అని నన్ను ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళు, మడమ శూలతో వచ్చినవాళ్ళు, బాత్రూంలో జారిపడి తుంటి ఆపరేషన్ అయ్యాక నడక కోసం వచ్చినవాళ్ళు, అందరూ చివరికి ఈ ప్రశ్నకే వస్తారు. చాలామంది ఒక కంపెనీ పేరు చెప్పేస్తే చాలంటారు. నేను మాత్రం ముందు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తెప్పించి తిరగేసి చూస్తాను.

మడమ వైపు బయటి అంచు కాస్త అరగడం మామూలే. లోపలి అంచు అరిగి చెప్పు పక్కకి ఒరిగిపోయిందంటే పాదం లోపలికి వాలుతోందని లెక్క. హవాయి చెప్పు మీద ఐదు వేళ్ళ కిందా గుంటలు పడి ఉంటే, చెప్పు ఊడిపోకుండా ఆ మనిషి అడుగడుగునా వేళ్ళు బిగబట్టి నడుస్తున్నారన్నమాట. ఒక చెప్పు ఎక్కువ, ఇంకొకటి తక్కువ అరిగితే బరువంతా ఒక కాలి మీదే పడుతోంది. కొత్త జత కొనే ముందు ఈ పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "మెత్తగా ఉంటే మంచిది" అన్న నమ్మకం మన ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. మెత్తటి చెప్పు నొప్పిని తగ్గించగలదు, పాదానికి బలం ఇవ్వలేదు. ఆ బలం నడిస్తేనే, వేళ్ళు కదిలితేనే వస్తుంది. అలాగని అందరూ చెప్పులు విడిచి తిరగాలని కూడా చెప్పను. కొందరికి అది కాలు పోగొట్టుకునేంత ప్రమాదం. అందుకే చెప్పుల కంటే ముందు పాదం సంగతి తేల్చుకోవాలి.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో నాలుగో వంతు రెండు పాదాల్లోనే ఉన్నాయి. అరికాలి వంపుని పట్టి ఉంచేవి అక్కడున్న చిన్న చిన్న కండరాలు, నరంలా గట్టిగా ఉండే పట్టీలు. బూటు ముందు భాగం ఇరుకైతే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఆ కండరాలకి పని ఉండదు. పని లేని కండరం సన్నబడుతుంది. ఆస్ట్రేలియాలో 60 దాటినవాళ్ళ మీద చేసిన పరిశీలనలో కాలివేళ్ళ పట్టు తగ్గినవాళ్ళు, బొటనవేలు వంకరపోయినవాళ్ళు ఎక్కువగా పడిపోయారని తేలింది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పడితే "కళ్ళు తిరిగాయేమో" అంటాం, బీపీ చూపిస్తాం. పాదాలు ఎవరూ చూడరు.

మొదటి ప్రశ్న: మీ పాదానికి స్పర్శ తెలుస్తోందా?

ఎంపిక మొత్తం ఇక్కడే రెండుగా చీలుతుంది. షుగర్ ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి అరికాళ్ళలో స్పర్శ మెల్లగా తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, రాయి కాలినా తెలియదు. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. మీరు కళ్ళు మూసుకుని పడుకోండి. ఇంకొకరు రెండు పాదాలకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లని ఒక్కొక్కటిగా, ఏ వరుసా లేకుండా, ఒకటి రెండు సెకన్లు చూపుడువేలితో తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. తాకినప్పుడల్లా ఏ కాలో మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గిందనే అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అక్కడ సన్నటి నైలాన్ తీగతో ఇంకా కచ్చితంగా చూస్తారు.

స్పర్శ తగ్గినవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో తిరగొద్దు. ఎం.సి.ఆర్. చెప్పులు అడగండి. మైక్రో సెల్యులర్ రబ్బరుతో చేసినవి ఇవి. కుష్ఠు రోగుల పాదాలకి పుండ్లు పడకుండా ఈ రబ్బరు మన దేశంలో ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉంది, తర్వాత షుగర్ రోగులకీ అదే పనికొచ్చింది. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకలా ఉండవు. పాదం ఆనే పొర బొటనవేలితో నొక్కితే దిగాలి, వదలగానే పైకి లేవాలి. అడుగు సోలు మాత్రం మేకు దిగనంత గట్టిగా ఉండాలి. వెనక పట్టీ ఉండాలి. వాపుని బట్టి సర్దుకోవడానికి పైన వెల్క్రో ఉండాలి. వేళ్ళ మధ్యన దూరే పట్టీ అస్సలు ఉండకూడదు, ఆ సందులో పడే పుండు త్వరగా కనిపించదు. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవచ్చు.

భవానీ దీక్ష, అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు ఈ విషయం నాతో చాలా ఇబ్బందిగా మాట్లాడతారు. మండలం రోజులు చెప్పులు లేకుండా ఉండాలన్నది నియమం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. స్పర్శ బాగున్నవాళ్ళకి ఏ అభ్యంతరమూ లేదు. స్పర్శ పోయినవాళ్ళు మాత్రం మాల వేసుకునే ముందే డాక్టర్‌తోనూ, గురుస్వామితోనూ మాట్లాడుకోండి. ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు, దర్శనానికి వెళ్ళేవాళ్ళు ఎండ ఎక్కకముందే ముగించుకోండి. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ ఎండకి మెట్ల రాయి కాలిపోతుంది. చుర్రుమన్నప్పుడు కాలు తీసేయగలిగిన మనిషికి, ఆ చుర్రు తెలియని మనిషికి నియమం ఒకటే అయినా ప్రమాదం ఒకటి కాదు.

ఇంకో మాట. షుగర్ ఉన్నవాళ్ళకి దెబ్బేమీ తగలకుండానే ఒక పాదం ఎర్రబడి, రెండో పాదం కన్నా వేడిగా, వాచి ఉంటే, నొప్పి లేదు కదా అని తిరగకండి. లోపల ఎముకలు, కీళ్ళు కుంగిపోతూ ఉండొచ్చు. ఆ కాలి మీద బరువు వేయడం ఆపి ఆ రోజే చూపించుకోవాలి.

స్పర్శ బాగుంటే: ఏది దేనికి?

హవాయి చెప్పుల్ని అందరూ తిడతారు, నేను పూర్తిగా తిట్టను. వేళ్ళకి చోటుంటుంది, మడమ ఎత్తు ఉండదు, కడుక్కుంటే శుభ్రం. పెరట్లోకి, పక్క కొట్టుకి అవి చాలు. ఇబ్బంది దూరం నడిచినప్పుడు వస్తుంది. వెనక పట్టు లేదు కాబట్టి వేళ్ళు బిగుసుకుంటాయి, అడుగు చిన్నదవుతుంది, పిక్కలు లాగుతాయి. మెట్లు దిగేటప్పుడు, బండి నడిపేటప్పుడు అవి వద్దు. మడమ దగ్గర నున్నగా అరిగిన హవాయి చెప్పు తడి టైల్స్ మీద ఎంత ప్రమాదమో, పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళ ఇంటివాళ్ళని అడగండి. సోలు మీద గీతలు పోయాయంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. బాత్రూంకని పాతది పక్కన పెట్టకండి, గట్టి పట్టు కావలసింది అక్కడే.

ఈ మధ్య ప్రతి ఇంట్లో కనిపిస్తున్న మందపాటి నురగ స్లిప్పర్లు ఇంకో రకం. కాలు పెట్టగానే హాయిగా ఉంటుంది, అమ్ముడుపోవడానికి అదే కారణం. మడమ నొప్పి ఉన్నవాళ్ళకి ఇంట్లో కొన్నాళ్ళు పనికొస్తాయి. డెబ్భై దాటిన అమ్మమ్మకో తాతగారికో మాత్రం కొనివ్వకండి. మందపాటి మెత్తటి సోలు మీద నిలబడితే కింద నేల ఎటు వాలి ఉందో పాదానికి సరిగ్గా అందదు, నిలకడ తగ్గుతుంది. వాళ్ళకి పలుచగా, కాస్త గట్టిగా, వెనక పట్టీతో ఉన్నదే మేలు.

"డాక్టర్ చెప్పులు" అని రాసి ఉన్నంత మాత్రాన డాక్టర్ రాసిన చెప్పులు కావు. చాలావాటిలో ఉన్నది మెత్తటి నురగ, మధ్యలో చిన్న వంపు, అంతే. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టు ఉండేవాళ్ళకి ఆ వంపు ఉపశమనం ఇస్తుంది. కొనుక్కోండి, మంచం పక్కనే పెట్టుకోండి. కానీ దాంతో పాటు ఒక వ్యాయామం కూడా చేయాలి. మెట్టు అంచున పాదం ముందు భాగం పెట్టి, వేళ్ళ కింద టవల్ చుట్ట ఉంచి, గోడ పట్టుకుని మడమ మెల్లగా పైకెత్తి మెల్లగా దించాలి, రోజు విడిచి రోజు. 2014లో డెన్మార్క్‌లో ఒక పరిశోధన వచ్చింది. మామూలుగా పాదం సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళ కన్నా ఇలా చేసినవాళ్ళకి మూడు నెలలు తిరిగేసరికి నొప్పి ఎక్కువగా తగ్గింది. చెప్పు మార్చి వ్యాయామం మానేసినవాళ్ళు ఏడాది తిరిగేలోపు అదే నొప్పితో మళ్ళీ వస్తుంటారు.

ఊళ్ళో బయట తిరగడానికి నాకు ఇష్టమైనది వెనక పట్టీ ఉన్న సాండల్. మన ఎండకి, చెమటకి, గుడి దగ్గర విప్పి తొడుక్కోవడానికి దీనికి మించింది లేదు. కాలి కొలత తీసుకుని తోలు చెప్పులు కుట్టేవాళ్ళు మీకు తెలిసి ఉంటే వెనక పట్టీ పెట్టించుకుని కుట్టించుకోండి. తోలు కొన్నాళ్ళకి పాదం ఆకారంలోకి వస్తుంది, మెషీన్ మీద తయారైన జతలో ఆ సుఖం రాదు. కొత్త తోలు సోలు టైల్స్ మీద జారుతుంది, కింద పలుచటి రబ్బరు వేయించమనండి.

వాకింగ్ బూట్లు: మందమా, పలుచనా?

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో అయినా, గుంటూరు ఎన్.టి.ఆర్. స్టేడియంలో అయినా పొద్దున్నే నడిచేవాళ్ళ మధ్య పెద్ద చర్చ ఇదే. నా సమాధానం మోకాళ్ళని బట్టి ఉంటుంది.

మోకాలి కీలు బాగా అరిగి నొప్పి ఉన్నవాళ్ళు పలుచటి బూట్ల జోలికి వెళ్ళొద్దు. పలుచటివి మోకాలి మీద భారం తగ్గిస్తాయన్న మాట ఒకటి చాలాకాలం నడిచింది. 2021లో ఆస్ట్రేలియాలో మోకాళ్ళు అరిగినవాళ్ళకే రెండు రకాలూ ఇచ్చి ఆరు నెలలు చూశారు. నడిచేటప్పుడు నొప్పి ఎక్కువ తగ్గింది గట్టి పట్టున్న, పాదాన్ని నిలబెట్టే బూట్లు వేసుకున్నవాళ్ళకే.

మోకాళ్ళు, పాదాలు బాగున్న నలభై ఏళ్ళ మనిషికి నా సలహా వేరు. పలుచగా, చదునుగా, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్నవి నెమ్మదిగా అలవాటు చేసుకోండి. ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలలు రోజువారీ పనులన్నీ అలాంటి బూట్లతో చేసుకున్నవాళ్ళ పాదాల బలం సగటున 57 శాతం పెరిగింది. విడిగా ఏ వ్యాయామమూ చేయలేదు, నడిచారంతే. తొందర మాత్రం పనికిరాదు. మొదటి వారం ఇంట్లో, వీధి చివరి దాకా పది నిమిషాలు, తర్వాత వారానికి కొంచెం చొప్పున పెంచుకోండి. ఏళ్ళ తరబడి మందపాటి బూట్లకి అలవాటైన కాలితో ఒక్కసారిగా పరుగెత్తితే పాదం ఎముకలు దెబ్బతింటాయి. వేళ్ళ వెనక ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి వస్తుంటే ఆపేయండి.

రెండిట్లో ఏది తీసుకున్నా వెడల్పు దగ్గర రాజీపడొద్దు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ళ కన్నా మన పాదాలు వెడల్పని తేలింది. ఆ వివరాలు 2024లో బయటికి వచ్చాయి. మనం మాత్రం ఇప్పటికీ బ్రిటిష్ సైజులతోనే కొంటున్నాం. చిటికెనవేలి పక్కన ఆనెకాయలు, బొటనవేలి పక్కన ఎముక పొడుచుకురావడం ఇన్ని కాళ్ళకి ఎందుకు కనిపిస్తున్నాయో చూస్తే నాకు కడుపు మండుతుంది. పొడవు చాలడం లేదేమోనని పెద్ద సైజు తీసుకోవడం దీనికి మందు కాదు, మడమ జారుతుంది. ముందు వెడల్పున్న మోడల్ వెతకాలి.

ఆడవాళ్ళకి ఇంకొకటుంది. మెట్టెలు పెట్టుకునే రెండో వేలు మూసి ఉన్న బూటులో రోజంతా ఒరుసుకుంటుంది. మెట్టెలతోనే బూటు తొడిగి చూడండి, మేజోళ్ళు కూడా వేసుకుని. పెళ్ళిళ్ళకి హీల్స్ వేసుకోవద్దని అనను. రోజూ ఆఫీసుకి వేసుకుంటే మాత్రం పిక్క కండరం కురచబడి, చదును చెప్పు వేసుకున్న రోజు మడమ నొప్పి పెడుతుంది. బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు పొద్దున పది నుంచి రాత్రి దాకా ఒట్టి కాళ్ళతో గచ్చు మీద నిలబడతారు. వాళ్ళ మడమలు చూస్తే బాధేస్తుంది. లోపల మాత్రమే వాడే శుభ్రమైన సాండల్స్ వేసుకోనివ్వండని యజమానులకి నా విన్నపం.

పిల్లలకి

జూన్‌లో స్కూల్ బూట్లు కొనేటప్పుడు "వచ్చే ఏడాదికి కూడా వస్తాయి" అని రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కుక్కడం మన అలవాటు. ఆ బూటులో పిల్లలు కాలు ఈడుస్తూ నడుస్తారు. కాలివేళ్ళ ముందు మీ చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు. మూడు నెలలకోసారి నొక్కి చూడండి. డబ్బు ఇబ్బందైతే ఖరీదైన బూటు ఒకటి కొనే బదులు తక్కువలో సరైన సైజు రెండుసార్లు కొనండి.

మణిపాల్ డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఒక వ్యాసం ప్రచురించారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి, వాడని పిల్లల్లో 2.8 శాతం మందికి చదును పాదాలు కనిపించాయి. అందులోనూ ముందు మూసి ఉన్న బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ. నొప్పి లేని చదును పాదం జబ్బు కాదు, చిన్నపిల్లలందరి పాదాలూ చదునుగానే ఉంటాయి, టెన్షన్ పడి నడక రాకముందే వంపు బూట్లు కొనకండి. స్కూల్ నుంచి రాగానే బూట్లు విప్పించి ఇంట్లో, శుభ్రమైన ఆటస్థలంలో ఒట్టి కాళ్ళతో ఆడుకోనివ్వండి. బహిర్భూమికి వాడే చోట్ల, పేడ మట్టిలో మాత్రం చెప్పులు తప్పనిసరి, కొంకి పురుగులు అరికాలి చర్మం గుండానే లోపలికి పోయి రక్తహీనత తెస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి మురికి నీళ్ళలో నడిచారు. అలాంటప్పుడు గమ్ బూట్లే దిక్కు. అవి లేకపోతే వెనక పట్టీ ఉన్న సాండల్, బయటికి రాగానే సబ్బుతో కడిగి పుండ్లు చూసుకోవడం.

షాపుకి వెళ్ళినప్పుడు

సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కొంచెం వాచి ఉంటాయి. ఇంటి దగ్గరే కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి కత్తిరించుకోండి. విజయవాడ బీసెంట్ రోడ్ అయినా, గుంటూరు పట్నం బజార్ అయినా, ఆ కాగితాన్ని బూటు లోపలి అట్ట మీద పెట్టి చూస్తే చాలు, ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడే రేపు ఆనెకాయ. బూటుని రెండు చేతులతో వంచండి, వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో మడత పడితే వద్దు. పెద్దవాళ్ళకైతే మడమ వెనక భాగం నొక్కి చూడండి, అది గట్టిగా నిలబడాలి. రెండు కాళ్ళకీ తొడుక్కుని టైల్స్ మీద నాలుగు అడుగులు వేయండి. "వాడగా వాడగా సాగుతుంది" అని షాపతను అంటే తీసుకోకండి.

అక్కడే ఇంకో చిన్న పరీక్ష చేసుకోండి. కౌంటర్‌కి దగ్గరగా, పట్టుకోకుండా, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలుగుతున్నారా? బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళవాళ్ళని గమనించి 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇలా నిలబడలేనివాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువ. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఒంటికాలి నిలకడ సాధన చేస్తే చాలామందికి మెరుగవుతుంది. పళ్ళు తోముకునేటప్పుడు ఒక్కో కాలి మీద కాసేపు నిలబడండి, ఒక చెయ్యి వాష్‌బేసిన్ మీద ఉంచి. కూర్చున్నప్పుడు వేళ్ళు ముడవకుండా బొటనవేలి మొదలుని మడమ వైపు లాగి వంపు పైకి లేపండి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. మోకాళ్ళు సహకరిస్తే రోజుకొక పూట నేల మీద కూర్చుని తినండి, చేతులు ఆనించకుండా లేవడానికి ప్రయత్నించండి.

కొన్న జతని ఒక వారం ఇంట్లోనే వేసుకోండి. విప్పాక చర్మం మీద ఎర్రటి గుర్తు అరగంట దాటినా పోకపోతే ఆ చోట ఇరుకని అర్థం, షాపుకి తీసుకెళ్ళి మార్చమనండి. అందుకే వారం దాకా సోలుకి మట్టి అంటనివ్వకండి, బిల్లు పారేయకండి.